కన్నుమూశారా, చనిపోయాడా?

పేపరాఫీసులో ఆవిడని అందరూ కత్తెరమ్మ అనేవాళ్లు. ఇరవై రెండేళ్లుగా డెస్కులో కూర్చుని, విలేకర్లు రాసి పంపిన వార్తలు కోయడమే ఆవిడ పని. మూడు పేజీల వార్త ఆవిడ చేతిలో పడితే మూడు పేరాలై బయటికొచ్చేది. విలేకర్లు లబోదిబోమనేవాళ్లు. "ఏ మాట తీసేసినందుకు అర్థం పోయిందో చూపించండి, మళ్లీ పెట్టేస్తాను" అనేది. ఇంతవరకూ ఎవరూ చూపించలేకపోయారు.

కత్తెరమ్మ పిన్నితో కలిసి ఉండేది. తల్లి చిన్నప్పుడే పోతే పిన్నే పెంచింది. పిన్నిది టైలరింగ్ షాపు. ఏడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం పిన్ని దారాలు కొనుక్కుని ఇంటికి రావడానికి బస్టాండులో టికెట్ల లైన్లో నిలబడింది. ఆ లైను పక్కనే ఎవరో వదిలేసిన సంచిలో బాంబు పేలింది. ఏడుగురు పోయారు. పిన్ని బతికింది కానీ ఎడమ చెవి పోయింది. అప్పట్నుంచీ ఎవరు మాట్లాడినా కుడివైపు తిరిగి వింటుంది. వినడం ఇష్టం లేకపోతే ఎడమవైపు తిరుగుతుంది. "ఒక చెవి పోయినందుకు ఇదొక్కటే లాభం" అంటుంది.

బాంబు పెట్టిన ముగ్గురూ దొరికిపోయారు. ఫలానా మత బోధకుడి ఉపన్యాసం పదకొండుసార్లు విన్నామనీ, అందులో ఆయన "అడ్డొచ్చినవాళ్లని మనుషులనుకోకండి, చెత్తనుకోండి, ఊడ్చేయండి" అన్నాడనీ, అందుకే ఊడ్చామనీ కోర్టులో చెప్పారు. ఆ బోధకుడికీ శిక్ష పడింది. ఆయన జైల్లో ఉండగా బయట ఆయన మనుషులు ఆయన ఫొటోలు పంచుతూనే ఉన్నారు.

ఒకరోజు పొద్దున పదింటికి జైలు దగ్గర ఉండే విలేకరి ఫోన్ చేశాడు. బోధకుడు గుండెపోటుతో పోయాడు. కత్తెరమ్మ రెండు నిమిషాల్లో వెబ్‌సైటులో శీర్షిక పెట్టేసింది: "బస్టాండు పేలుడు కేసు బోధకుడు జైల్లో మృతి". పెట్టి, టీ తాగడానికి లేచింది.

టీ కప్పు నోటిదాకా వెళ్లేలోపు ఎడిటర్ గారు గదిలోంచి బయటికొచ్చారు. ఆయన మంచివాడు. ఎవరినీ నొప్పించడం ఆయనకి ఇష్టం ఉండదు. ఎవరేం చెప్పినా "నిజమే, అయినప్పటికీ..." అని మొదలుపెడతారు కాబట్టి ఆయన వెనక అందరూ ఆయన్ని 'అయినప్పటికీ గారు' అనేవాళ్లు.

"వార్త నిజమే. అయినప్పటికీ, పోయినాయన గురించి మొదటి మాటే పేలుడు అంటే బావుంటుందా? ఇంకా శవం జైల్లోనే ఉంది" అన్నారు.

"పేలుడు లేకపోతే ఆయన జైల్లో ఎందుకుంటాడు సార్?"

"నిజమే. అయినప్పటికీ."

ఆయనే కూర్చుని మార్చారు. "ప్రముఖ మత బోధకుడి కన్నుమూత".

ఐదు నిమిషాల్లో ఫోన్లు మొదలయ్యాయి. మొదటి ఫోన్ ఒక రిటైర్డ్ పోస్టుమాస్టర్‌ది. "ప్రముఖుడేంటండీ? దేంట్లో ప్రముఖుడు? అలా అయితే మా వీధిలో దొంగ కూడా ప్రముఖుడే, వాణ్ని ఎరగనివాళ్లు లేరు!" అని అరిచాడు. రెండో ఫోన్లో ఒకావిడ ఏమీ మాట్లాడకుండా గట్టిగా తుమ్మి పెట్టేసింది. అది నిరసనో జలుబో ఎవరికీ తెలీలేదు.

ఎడిటర్ గారు గాభరాపడి 'ప్రముఖ' తీసేసి 'వివాదాస్పద' పెట్టారు. 'కన్నుమూత' మరీ ముద్దుగా ఉందనిపించి దాని బదులు 'అస్తమయం' పెట్టారు. "వివాదాస్పద మత బోధకుడి అస్తమయం" అని తయారైంది.

అది చూసి ప్రూఫులు దిద్దే మాస్టారు కుర్చీలోంచి లేచి వచ్చారు. ఆయన ముప్పై ఏళ్లు బళ్లో తెలుగు చెప్పి, రిటైరై, ఇక్కడ చేరాడు. అక్షరం తప్పుపోతే ఆయనకి అన్నం సయించదు.

"అయ్యా, అస్తమించడం సూర్యుడు చేసే పని. మహానుభావులకి కూడా వాడొచ్చు. ఈయన ఆ రెంటిలో ఏదండీ?"

"మరి ఏం వాడమంటారు మాస్టారూ?"

మాస్టారికి ఇలాంటి ప్రశ్న ఎవరూ వేసి చాలా రోజులైంది. ఆయన మొహం వెలిగిపోయింది. వేళ్లు మడుస్తూ చెప్పుకుపోయారు. "కన్నుమూశారు అంటే మనం దుఃఖిస్తున్నట్టు. తుదిశ్వాస విడిచారు అంటే మనం మంచం పక్కనే ఉన్నట్టు. ఇకలేరు అంటే ఉంటే బావుండునన్నట్టు. దివంగతులయ్యారు అంటే ఎక్కడికి వెళ్లారో కూడా మనమే తేల్చేసినట్టు, అది మన పరిధి కాదు. చనిపోయారు అంటే మర్యాద. చనిపోయాడు అంటే చనువు. చచ్చాడు అంటే..."

"మాస్టారూ!" అన్నారు ఎడిటర్ గారు.

"వ్యాకరణం చెబుతున్నానండీ, నా అభిప్రాయం కాదు."

ఇంతలో బోధకుడి మనుషుల ఆఫీసు నుంచి కార్యదర్శి ఫోన్ చేశాడు. ఆయన గొంతు తేనెలో నానబెట్టినట్టుంది. "వివాదాస్పద అన్నారేమిటండీ? మా గురువుగారు ఎవరితోనూ వివాదం పెట్టుకోలేదే. ఆయన చెప్పారు, వినేవాళ్లు విన్నారు. మధ్యలో వివాదం ఎక్కడుంది?"

ఎడిటర్ గారికి అది కూడా నిజమేననిపించింది. కంపెనీ లాయర్ని పిలిపించారు. లాయరు కళ్లజోడు తుడుచుకుంటూ చాలాసేపు ఆలోచించి, "చట్టప్రకారం చనిపోయినవాళ్లు పరువునష్టం దావా వేయలేరు. మనకి భయం లేదు. కాకపోతే జైలువాళ్లు రాతపూర్వకంగా ధ్రువీకరించేదాకా, దావాల మేరకు, ఆయన బతికున్నట్టే లెక్క. కాబట్టి ధ్రువీకరణ వచ్చేదాకా కాస్త గౌరవంగా, వచ్చాక కాస్త నిజంగా రాసుకోవచ్చు" అన్నాడు.

ఎడిటర్ గారు అప్పటికే చెమటలు కక్కుతున్నారు. ఆ కంగారులో నాలుగో శీర్షిక ఆయనే స్వయంగా రాశారు. బోధకుడు బాంబు పెట్టలేదు, పెట్టినవాళ్లని ప్రేరేపించాడు అన్న సంగతి జాగ్రత్తగా చెప్పాలని ఆయన ఉద్దేశం. రాశాక అదిలా ఉంది: "పేలుడు దోషులకు స్ఫూర్తిప్రదాత ఇకలేరు".

డెస్కులో ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు రెండు చేతులతో తల పట్టుకున్నారు. కత్తెరమ్మ తీసేయడానికి పరిగెత్తింది కానీ అప్పటికే నాలుగు నిమిషాలు గడిచాయి. ఆ నాలుగు నిమిషాల్లో దాన్ని ఫొటో తీసి ఊరంతా పంపుకున్నారు. ఒకాయన ఫోన్ చేసి సంతాపసభ ఎక్కడండీ అని అడిగాడు. వెటకారమా అంటే కాదు, పాపం నిజంగానే అడిగాడు. ఆయనకి సభలంటే ఇష్టమట, స్ఫూర్తిప్రదాతల సభలు ఒక్కటీ వదలడట.

"ఇక ఏ విశేషణమూ వద్దు. ఏ రిస్కూ వద్దు" అన్నారు ఎడిటర్ గారు. 'బోధకుడు' తీసేశారు, ఎందుకంటే ఏం బోధించాడని అడుగుతారు. 'మత' తీసేశారు, ఎందుకంటే ఆ మతంవాళ్లకి కోపం వస్తుంది, రాకపోతే మిగతా మతాలవాళ్లకి వస్తుంది. 'జైలు' తీసేశారు, ఎందుకంటే ధ్రువీకరణ రాలేదు. పదకొండున్నరకి వెబ్‌సైటు నెత్తిన పెద్ద అక్షరాలతో ఇలా నిలబడింది: "ఒకాయన పోయారు".

దాంతో ఫోన్లు ఇంకా పెరిగాయి. ఇప్పుడు కోప్పడేవాళ్లు కాదు, కంగారుపడేవాళ్లు. "ఎవరండీ పోయింది? మా మావయ్య పొద్దుట్నుంచీ ఫోన్ ఎత్తట్లేదు" అని ఒకావిడ ఏడుపు మొదలెట్టింది. మావయ్య బాత్రూంలో ఉన్నాడని తేలేదాకా కత్తెరమ్మ ఆవిడని ఊరడించాల్సి వచ్చింది.

ఇదంతా ఒకెత్తు. రేపటి పేపరు కోసం సిద్ధం చేసిన అరపేజీ వ్యాసం ఇంకొకెత్తు. బోధకుడి మనుషులు పంపిన కాగితాల్లోంచి ఎవరో ఎత్తి రాసి ఎప్పుడో దాచిపెట్టిన వ్యాసం అది. కత్తెరమ్మ తెరిచి చదివింది. "మృదుభాషి. చీమకైనా దారిచ్చే స్వభావం. ఉదయాన్నే లేచి మొక్కలకు నీళ్లు పోసేవారు. కుందేళ్లంటే పంచప్రాణాలు. ముఖ్యంగా 'ముత్యం' అనే తెల్ల కుందేలుకు చేత్తో తినిపించనిదే తాను తినేవారు కాదు." పక్కన పెద్ద ఫొటో. తెల్లబట్టల్లో బోధకుడు, ఒళ్లో కుందేలు. ఇద్దరూ కెమెరా వంక అమాయకంగా చూస్తున్నారు. కిందెక్కడో చివరి పేరాలో, "బస్టాండు ఘటనలో పలువురు మృతిచెందడంతో ఆయన జీవితంలో కష్టకాలం మొదలైంది" అని ఉంది.

కత్తెరమ్మ ఆ వాక్యం మూడుసార్లు చదివింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఎక్కడ కోయాలో తెలీలేదు.

ఫొటోగ్రాఫర్ బాబాయ్ వెనకనుంచి తొంగిచూసి, "ఆ కుందేలు నేను పెట్టింది కాదమ్మా. నేను మామూలుగా తీద్దామనుకున్నాను. వాళ్లే పంజరంలో పట్టుకొచ్చి ఒళ్లో పెట్టారు. అది ఆయన చొక్కా మీద పని కానిచ్చింది కూడా. అందుకే కింద భాగం కత్తిరించాను" అన్నాడు.

అప్పుడే మెట్ల దగ్గర గొడవ వినబడింది. సెక్యూరిటీ అతను "అమ్మా, పాస్ లేకుండా వెళ్లకూడదు" అంటున్నాడు. ఆ మనిషి ఎడమవైపు తిరిగి నడుచుకుంటూ వచ్చేసింది. పిన్ని. మెడలో కొలతల టేపు, చేతిలో సూదిదారాల డబ్బా. షాపులోంచి అలాగే లేచి వచ్చినట్టుంది.

"పిన్నీ, నువ్వేంటి ఇక్కడ?"

"పక్క షాపావిడ పొద్దుట్నుంచీ ఫోన్లో మీ పేపరు చదివి వినిపిస్తోందే. మొదట ప్రముఖుడంది. తర్వాత సూర్యుడంది. తర్వాత స్ఫూర్తి అంది. ఆఖరికి ఒకాయన అంది. ఇంకో గంట ఆగితే పోయింది నేనే అంటారేమో అని వచ్చాను. మీ ఎడిటరెవరు?"

ఎడిటర్ గారు బయటికొచ్చి నమస్కారం పెట్టారు. పిన్ని నమస్కారం పెట్టబోయి, ఆయన చొక్కా వంక చూసి ఆగిపోయింది. "బాబూ, బొత్తాం వేలాడుతోంది. రేపో మాపో పోతుంది. ఇలా కూర్చోండి."

"అయ్యో, పర్లేదమ్మా..."

"కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. పిన్ని సూదిలో దారం ఎక్కించి, ఆయన ఛాతీ దగ్గర వంగి కుట్టడం మొదలుపెట్టింది. సూది అంత దగ్గర్లో ఆడుతుంటే ఎవరైనా కదలరు. ఎడిటర్ గారు ఊపిరి కూడా జాగ్రత్తగా పీల్చారు.

"ఏదీ, ఆ రేపు వేసేది చదువు" అంది పిన్ని కత్తెరమ్మతో, కుడి చెవి ఇటు తిప్పి.

కత్తెరమ్మకి చదవాలనిపించలేదు. అయినా చదివింది. మొక్కలు చదివింది, చీమలు చదివింది, కుందేలు చదివింది. పిన్ని కుడుతూనే ఉంది. కత్తెరమ్మ చివరిదాకా చదివి ఆపేసింది.

"ఆ కుందేలు పేరేమన్నావు?"

"ముత్యం."

"మంచి పేరు" అంది పిన్ని. దారం లాగి ముడి వేసింది. "ఆ రోజు లైన్లో నా ముందు ఒకావిడ నిలబడిందండీ బాబూ. ఆవిడ జుట్టులో పిన్ను జారిపోతోంది. చెబుదామా వద్దా, ముక్కూమొహం తెలీని మనిషి, ఏమనుకుంటుందో అని ఆలోచిస్తున్నాను. చెప్పేలోపే అయిపోయింది. ఆవిడ పేరేంటో నాకు ఇప్పటికీ తెలీదు. మీ పేపర్లో ఏడుగురు అని వేశారు. తర్వాత పలువురు అని వేశారు. ఇప్పుడు ఇంత పెద్ద కాగితంలో కుందేలు పేరు కూడా ఉంది. ఆవిడ పేరుందా?"

ఎడిటర్ గారు నోరు తెరిచారు. 'నిజమే' అన్నంతవరకూ వచ్చింది. దాని తర్వాత రావలసిన మాట మాత్రం రాలేదు. డెస్కులో అందరూ అది రాకపోవడం విన్నారు.

పిన్ని దారం పళ్లతో కొరికి తెంపింది. "అయిపోయింది. లాగి చూసుకోండి, ఇక ఊడదు."

ఎడిటర్ గారు బొత్తాం లాగి చూసుకున్నారు. తర్వాత కత్తెరమ్మతో మెల్లగా, "ఆ ఏడుగురి పేర్లు మన దగ్గరున్నాయా?" అని అడిగారు.

పాత ఫైల్లో నాలుగే ఉన్నాయి. మిగతా మూడూ కోర్టు తీర్పులోంచి లాయరు వెతికి పట్టాడు. పొద్దుట్నుంచీ చేసిన వాటిలో ఇదొక్కటే అసలైన పని అనిపించిందేమో, కళ్లజోడు తుడవడం మర్చిపోయాడు. మధ్యాహ్నమంతా కత్తెరమ్మ ఫోన్ దగ్గరే కూర్చుంది. "మీవాళ్లు ఏం చేసేవారు, ఎలా ఉండేవారు" అని అడిగింది. ఒకరు మొదట ఫోన్ పెట్టేసి, పావుగంట తర్వాత వాళ్లే తిరిగి చేశారు. ఒకాయన ఈలవేసి బస్సుని ఆపగలిగేవాడట. ఒకమ్మాయి టికెట్లు ఇచ్చే గుమస్తా, ఉద్యోగంలో చేరి తొమ్మిది రోజులు. జుట్టులో పిన్ను ఎప్పుడూ జారిపోతుండేదని ఇంట్లోవాళ్లు చెప్పినావిడ పిల్లలకి ఈత నేర్పే టీచరు. కత్తెరమ్మ ఆవిడ పేరు ఒక చీటీ మీద రాసి పిన్నికి ఇచ్చింది. పిన్ని చదువుకుని చీటీని సూదుల డబ్బాలో పెట్టుకుని, "షాపు తెరిచి వచ్చేశాను" అని వెళ్లిపోయింది.

సాయంత్రానికి జైలు నుంచి ధ్రువీకరణ వచ్చింది, అరపేజీ నిండింది. ఏడుగురి పేర్లు, ఒక్కొక్కరికి నాలుగేసి వాక్యాలు. బోధకుడికి రెండు పేరాలు: ఏమన్నాడు, ఎవరు విన్నారు, కోర్టు ఏం తేల్చింది. ఇక శీర్షిక మిగిలింది. మళ్లీ యుద్ధం మొదలైంది. "చనిపోయారు" అంటే చదివేవాళ్లు ఊరుకోరు. "చనిపోయాడు" అంటే కార్యదర్శి ఊరుకోడు. ఎడిటర్ గారు మాస్టారి వైపు చూశారు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "క్రియ ఉంటేనే కదండీ ఈ గొడవ? నామవాచకం పెట్టండి. 'మృతి'. అందులో గౌరవమూ లేదు, అగౌరవమూ లేదు. మన భాష ఇలాంటి సందర్భాల కోసమే దాన్ని దాచిపెట్టినట్టుంది."

"పొద్దున పదింటికి నేను పెట్టింది అదే మాస్టారూ" అంది కత్తెరమ్మ.

"అవునా? మరి మార్చిందెవరు?"

ఎడిటర్ గారు కిటికీలోంచి బయట ఎగిరే కాకిని శ్రద్ధగా గమనించారు.

చివరికి శీర్షిక ఇలా వెళ్లింది: "'ఊడ్చేయండి' అన్న బోధకుడి మృతి". కింద ఇంకో లైను: "ఆ మాట విని పెట్టిన బాంబుకు బలైన ఏడుగురు వీరు".

పొద్దున్నే కార్యదర్శి ఫోన్ చేశాడు. తేనె కాస్త పులిసినట్టుంది. "ఆ మాట మా గురువుగారు అన్న సందర్భం వేరండీ."

"ఉపన్యాసం మొత్తం పెట్టమంటారా? మా దగ్గర రికార్డుంది" అంది కత్తెరమ్మ.

"మొత్తం అక్కర్లేదు. కనీసం కుందేలు ఫొటో ఎందుకు తీసేశారు?"

"అది ఏ నేరమూ చేయలేదు కదండీ. దాన్ని అనవసరంగా ఈ కేసులోకి లాగడమెందుకని."

ఆయన పెట్టేశాడు. ఆ రోజు చాలా ఫోన్లే వచ్చాయి. కొందరు తిట్టారు, కొందరు మెచ్చుకున్నారు, ఒకతను రెండూ చేసి తన కవిత వేయమన్నాడు. యజమాని ఎడిటర్ గారిని పైకి పిలిపించాడు. అరగంట తర్వాత ఆయన ఎర్రబడ్డ మొహంతో కిందికొచ్చి రెండు గ్లాసుల మంచినీళ్లు తాగారు. పైన ఏం జరిగిందో చెప్పలేదు. కాకపోతే వ్యాసం వెబ్‌సైటులోంచి తీయలేదు, కత్తెరమ్మ కుర్చీ కూడా కదల్లేదు.

మధ్యాహ్నం ఒక ముసలాయన భార్యని వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చాడు. చేతిలో మడతపెట్టిన పేపరు. బస్టాండులో పోయిన కుర్రాడి తల్లిదండ్రులమని చెప్పారు. అందరూ లేచి నిలబడ్డారు. ముసలాయన పేపరు విప్పి, వేలు పెట్టి చూపించి, "ఏమీ అనుకోకండి. మావాడి పేర్లో ఇక్కడ ఒత్తు పడలేదు" అన్నాడు.

మాస్టారు వచ్చి చూశారు. నిజంగానే పడలేదు. దిద్దింది ఆయనే. ఆయన మొహం పాలిపోయింది. కుర్చీలో కూలబడి, "ఎన్ని ఒత్తులు దిద్దాను, ఎన్ని వేల ఒత్తులు... ఇదెలా చూసుకోలేదు" అన్నారు. టిఫిన్ బాక్సు మూత తీసి ఉంది, దాన్ని పక్కకి నెట్టేశారు.

ముసలావిడ ఆయన దగ్గరికి వెళ్లింది. "బాధపడకండి మాస్టారూ. వాడు బళ్లో తన పేరు తను కూడా అలాగే రాసేవాడు. పదో తరగతిదాకా ఆ ఒత్తు పెట్టనేలేదు. చూడగానే మాకు వాడే రాసుకున్నాడేమో అనిపించింది" అంది. అంటూనే నవ్వింది. ముసలాయనకీ నవ్వొచ్చింది. మాస్టారికి మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సవరణ వేస్తామండీ. రేపే వేస్తాం" అన్నారు ఎడిటర్ గారు.

"లోపలి పేజీలో మూలన వేస్తారు కదా, కళ్లకి కనబడదు" అన్నాడు ముసలాయన మొహమాటంగా.

మర్నాడు సవరణ మొదటి పేజీలో పైన పడింది. ఆ కుర్రాడి పేరు పెద్ద అక్షరాల్లో, ఒత్తుతో సహా. వేయడానికి ముందు మాస్టారు దాన్ని నాలుగుసార్లు దిద్దారు.